తోటకూలి కుమారుడును వోటు హక్కును

దేశముల చరిత్రము వ్రాయువారు తఱచుగా రాజుల పేళ్లను, యుద్ధముల తేదీలను వ్రాయుదురు. శాసనసభల చరిత్రమునకు ఆ పద్ధతి చాలదు. సభలో ఎవరు కూర్చుండిరో తెలిసికొనుటకు ముందు, వారిని అచ్చటికి పంపు హక్కు ఎవరి చేతిలో నుండెనో తెలిసికొనవలయును. హిందూ మహాసముద్రములోని మారిషస్ ద్వీపమున ఒక తోటకూలి కుమారుడు 1940 లో శాసనసభ ప్రవేశించి, 1982 వఱకు అందుండి, ఆ దేశమునకు ప్రథమ ప్రధానమంత్రి యయ్యెను. ఆయన పేరు శివసాగర్ రాంగులాం. ఆయన చరిత్రమును, ఆ ద్వీపమున వోటు హక్కు పెరిగిన చరిత్రమును ఒకే త్రాటి రెండు పేటలవంటివి. ఒకదానిని విడిచి రెండవదానిని చెప్ప వీలులేదు.

మారిషస్ ద్వీపమును ఇంగ్లీషువారు 1810 లో ఫ్రెంచివారినుండి గైకొనిరి. దొరతనము మాఱినను చెఱకుతోటలు మాత్రము ఫ్రెంచి సంతతివారి చేతులలోనే నిలిచెను. బానిసత్వము 1835 లో రద్దు కాగా, తోటలకు పనివారు కావలసి వచ్చిరి. అంతకు ముందే, 1834 నవంబరు 2 వ తేదీన, అట్లాసు అను ఓడలో 36 మంది హిందూదేశపు కూలీలు ఒడంబడికపై పోర్టు లూయీ రేవున దిగిరి. నాటినుండి ఇరువదవ శతాబ్దపు ఆరంభము వఱకు సుమారు నాలుగున్నర లక్షల జనము ఆ రేవున దిగెను. వారెక్కిన రాతిమెట్లు నేటికిని ఆప్రవాసీ ఘాట్ అను చోట నిలిచియున్నవి. బీహారు ప్రాంతమునుండి వచ్చి భోజపురి మాటలాడువారు వారిలో అధికులు. తమిళులు, తెలుగువారు, మరాఠీలు కూడ నుండిరి. తెలుగువారిలో పలువురు కాకినాడ చేరువనున్న కోరంగి రేవునుండి ఓడ యెక్కినవారగుటచే వారికి ‘కొరింగీలు’ అను పేరు కలిగెను.

ఇట్లు వచ్చినవారి సంతతి కాలక్రమమున ద్వీప జనములో మూడింట రెండు వంతులయ్యెను. చెఱకు నాటినవారు వారే, నఱికినవారు వారే, మిల్లునకు మోసినవారును వారే. అయినను దేశపు చట్టములు చేయు సభలో వారి మాట లేకుండెను. 1885 నాటి రాజ్యాంగము ప్రకారము సభలో ప్రజలెన్నుకొను సభ్యులు 10 మంది మాత్రమే. తక్కినవారు అధికారులును, గవర్నరు నియమించినవారును. ఆ పదిమందిని ఎన్నుకొనుటకైనను నిర్ణీతమైన ఆస్తియో, నెలజీతమో ఉండవలయును. నెలకు కొలది రూపాయలు మాత్రము చేతికి వచ్చు కూలికి ఆ తలుపు మూసియే యుండెను. హిందూదేశపు సంతతివారు మొట్టమొదట ఎన్నికలలో గెలిచినది 1926 లో. రాజ్‌కుమార్ గజాధర్, ధనపత్ లాలా అను ఇద్దఱు ఆ యేట సభ కెక్కిరి. మొదటి ఓడ వచ్చిన పిమ్మట 92 సంవత్సరములు గడచెను.

శివసాగర్ రాంగులాం 1900 సెప్టెంబరు 18 వ తేదీన ఫ్లాక్ జిల్లాలోని బెల్ రీవ్ గ్రామమున జన్మించెను. ఆయన తండ్రి మోహిత్ బీహారునుండి 1896 లో పదునెనిమిదేండ్ల ప్రాయమున వలస వచ్చి, చెఱకుతోటలో పనిచేసి, సర్దారు అయ్యెను. బాలునికి ఏడేండ్ల వయసున తండ్రి మరణించెను. పండ్రెండేండ్ల వయసున పశువులశాలలో జరిగిన ప్రమాదమువలన ఒక కన్ను పోయెను. గ్రామములోని సాయంకాలపు బైఠకాలో బాలుడు మాతృభాష నేర్చెను. తరువాత పాఠశాలలో ఇంగ్లీషు, ఫ్రెంచి నేర్చెను. క్యూర్‌పీప్ పట్టణములోని రాయల్ కాలేజీలో చదివి, 1921 లో వైద్యవిద్యకై లండనునకు పోయెను. అచ్చట పదునాలుగు సంవత్సరములు గడపి 1935 లో వైద్యుడై తిరిగివచ్చెను. లండనులో ఆయన వైద్యము మాత్రమే నేర్వలేదు. ఫేబియను సంఘమున చేరి, పార్లమెంటు పనిచేయు తీరును, చట్టముల మూలమున పేదల స్థితి మార్చు మార్గములను శ్రద్ధతో గమనించెను.

ఆయన తిరిగివచ్చిన మరుసటి యేడు, అనగా 1936 లో, డాక్టరు మోరీస్ క్యూరే లేబరు పార్టీని స్థాపించెను. 1937 లో చెఱకు ధర విషయమై తోటలలో అలజడి పుట్టెను. యూనియన్ ఫ్లాక్ తోటలో తుపాకులు పేలగా నలుగురు మడిసిరి. 1943 సెప్టెంబరు 27 వ తేదీన బెల్ వ్యూ హారెల్ తోటలో మరల కాల్పులు జరిగెను. అచ్చటను నలుగురు మరణించిరి. వారిలో అంజలై అను గర్భిణీ స్త్రీ యొకతె. ఆమె పేరు నేడు ఆ ద్వీపమున ఒక క్రీడాస్థలమునకు ఉన్నది. ఈ రెండు సంఘటనలును ఒక సంగతిని స్పష్టపఱచెను: కూలి తన కష్టమును చెప్పుకొనుటకు అప్పటికి రెండే స్థలములుండెను. ఒకటి తోట యజమాని గుమ్మము, రెండవది వీధి. మొదటి చోట వినువారు లేరు. రెండవ చోట తుపాకి యుండెను. మూడవ స్థలమగు శాసనసభ అతనికి లేదు.

1940 లో గవర్నరు క్లిఫర్డు రాంగులాంను శాసనసభకు నియమించెను. ఇది ఎన్నిక కాదు, నియామకము. ఆ యేడే ఆయన మిత్రులతో గూడి ‘అడ్వాన్స్’ అను పత్రికను స్థాపించెను. నియమితుడైనవాడు నియమించినవాని మాట జవదాటరాదని పలువురి తలంపు. ఆయన అట్లు చేయలేదు. కూలీల వేతనములు, తోటలలోని ఇండ్లు, ఆరోగ్యము, పిల్లల చదువు మొదలగు విషయములను సభ ముందుంచుచు వచ్చెను. అయితే ఎంత చక్కగా మాటలాడినను, ఎన్నుకొనువారు లేని సభ్యుని మాటకు బలము తక్కువ. కావున వోటు హక్కును విస్తరింపజేయుటయే ఆయన ప్రధాన ప్రయత్నమయ్యెను.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము కొత్త రాజ్యాంగమును గూర్చి సంప్రదింపులు జరిగెను. చదువురాని కూలికి వోటిచ్చినచో దేశము పాడగునని ధనికవర్గమువారి వాదము. పన్ను కట్టువాడు, పని చేయువాడు, ఎన్నుకొనుటకును అర్హుడని రాంగులాం మొదలగువారి వాదము. తుదకు 1948 నాటి రాజ్యాంగము ఒక నడిమి మార్గము ననుసరించెను. ఆస్తి లేకపోయినను, వయసు వచ్చిన పురుషుడు గాని స్త్రీ గాని సులభమైన వాక్యములను చదివి వ్రాయగలిగినచో వోటు పొందవచ్చును. ఆ వాక్యము ఏ భాషలో నుండవలయును? ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందూస్థానీ, తమిళము, తెలుగు, ఉర్దూ, గుజరాతీ, చీనా భాషలలో దేనియందైనను, లేక ఆ దేశపు వాడుకమాటయగు క్రియోలునందైనను ఉండవచ్చును.

ఈ నియమము యొక్క విలువను తోటలలో నివసించువారు సులభముగా గ్రహింపగలరు. అంతవఱకు తెలుగు అక్షరములు ఇంటిలో ఉత్తరము చదువుటకును, రాత్రివేళ భజనలో పుస్తకము పట్టుటకును మాత్రమే ఉపయోగించెడివి. సర్కారు కచేరీలో వాని కేమియు విలువ లేకుండెను. 1948 లో ఆ యక్షరములే ఆస్తిపత్రముతో సమానమయ్యెను. అ ఆలు నేర్చిన చెఱకుకూలియు, నూఱు ఎకరముల భూస్వామియు వోటరు పట్టికలో ఒక్కొక్క పేరుగానే నిలిచిరి.

అయితే చట్టము తలుపు తీసినంతనే జనము లోనికి పోజాలదు. ఆ కాలమున కూలీలలో అనేకులకు చదువు లేదు. ఈ లోటు తీర్చుటకు బసదేవ్ బిసుందయాల్ అను ఉపాధ్యాయుడు ప్రారంభించిన జన ఆందోళన ఉద్యమము మిక్కిలి తోడ్పడెను. పగలంతయు కొడవలి పట్టిన చేతులు రాత్రి బైఠకాలలో పలక పట్టెను. పెద్దవయసు స్త్రీలు కూడ తమ పేరు వ్రాయ నేర్చిరి. స్వచ్ఛంద సేవకులు గ్రామగ్రామము తిరిగి, దీపము వెలుతురున, జీతము గోరక, అక్షరములు దిద్దించిరి. రాంగులాం సభలో సాధించిన చట్టము ఒక చేయి యైనచో, పేరు తెలియని ఆ రాత్రిబడి ఉపాధ్యాయుల శ్రమ రెండవ చేయి. రెండు చేతులు కలిసినప్పుడే చప్పుడయ్యెను.

ఆ చప్పుడు ఎంతటిదో అంకెలు తెలుపును. 1944 జనాభా లెక్క ప్రకారము ద్వీపమున 4 లక్షల 19 వేల జనముండెను. పాత చట్టము క్రింద వారిలో వోటుగలవారు 12 వేల లోపు. 1948 పట్టికలో ఆ సంఖ్య 70 వేలు దాటెను. ఆగస్టు నెలలో జరిగిన ఎన్నికలలో 19 స్థానములుండెను. హిందూదేశపు సంతతివారు వానిలో సగమునకు మించి గెలిచిరి. రాంగులాం పాంప్లెమూస్-రివియేర్ ద్యు రాంపార్ట్ ప్రాంతమునుండి, ఈ మారు జనుల వోటుచేతనే, సభ కెక్కెను. బసదేవుని సోదరుడు సుకదేవ్ బిసుందయాల్ కూడ గెలిచెను. ఒక స్త్రీయు ఎన్నికయ్యెను.

ఐనను గెలుపు వెంటనే అధికారము నీయలేదు. ఎన్నికైన 19 మందికి తోడు 12 మందిని గవర్నరు నియమించెను, ముగ్గురు అధికారులుండిరి. నియమితులలో పెక్కుమంది ధనికపక్షమువారు. తక్కెడలో ఒక వైపు జనులు వేసిన బరువును రెండవ వైపు గవర్నరు వేసిన బరువు సరిచేసెను. 1953 లో లేబరు పార్టీ మరల అధికస్థానములు గెలిచినను అదే పద్ధతి సాగెను. ఇట్టి సమయమున కొందఱు సభను విడిచి వీధికి పోదమనిరి. రాంగులాం సభలోనే నిలిచి, అడుగడుగున అడుగుచు, లండనునకు ప్రయాణములు చేయుచు, నియమాలను మార్పించుటకు పాటుపడెను. 1951 నుండి విద్యాశాఖ వ్యవహారములు ఆయన చేతికి వచ్చెను. 1956 లో పార్టీ నాయకుడు గీ రోజెమోం మరణించిన పిమ్మట కొలది కాలమునకు నాయకత్వము ఆయనకు లభించెను.

1959 లో చదువు పరీక్ష కూడ తొలగెను. 21 సంవత్సరములు నిండిన ప్రతివానికిని, ప్రతి స్త్రీకిని వోటు కలిగెను. ఒక్కొక్క సభ్యుని ఎన్నుకొను 40 నియోజకవర్గములు ఏర్పడెను. వోటర్లు 2 లక్షలు దాటిరి. రాంగులాం త్రియోలే గ్రామ నియోజకవర్గమునుండి ఎన్నికయ్యెను. 1961 లో ముఖ్యమంత్రియు, 1964 లో ప్రీమియరును అయ్యెను. స్వాతంత్ర్యము కావలయునా వలదా అను ప్రశ్న 1967 ఆగస్టు 7 వ తేదీన జరిగిన ఎన్నికలలో జనుల ముందుంచబడెను. ఆయన పక్షము ద్వీపమందలి 60 స్థానములును, రోడ్రిగ్స్ ద్వీపపు 2 స్థానములును గలసిన 62 లో 39 గెలిచెను. అయితే నూటికి నలుబది మందికి పైగా స్వాతంత్ర్యమునకు ప్రతికూలముగా వోటు వేసిరి. అధికసంఖ్యాకుల యేలుబడిలో తమ గతి యేమగునో యని అల్పసంఖ్యాకుల భయము. 1968 జనవరిలో పోర్టు లూయీ నగరమున కొట్లాటలు చెలరేగి ప్రాణనష్టము గలిగెను. అట్టి స్థితిలోనే 1968 మార్చి 12 వ తేదీన దేశము స్వతంత్రమయ్యెను. మరుసటి యేడు రాంగులాం తన్ను ఎదిరించిన పక్షమును మంత్రివర్గములో చేర్చుకొనెను.

ఈ చరిత్రములో మఱుగుపఱుపరాని సంగతులు రెండు గలవు. మొదటిది చాగోస్ దీవుల విషయము. స్వాతంత్ర్య చర్చలకై 1965 లో రాంగులాం లండనులో నున్నప్పుడు, ఆ దీవులను మారిషస్ నుండి వేఱుచేయుటకు ఇంగ్లీషు దొరతనమువారు పట్టుబట్టిరి. ఆయనయు, సహచరులును 30 లక్షల పౌనుల పరిహారమునకు ఒప్పుకొనిరి. స్వాతంత్ర్యము చేజాఱునేమో యను భయము వారిపై నుండెననుట నిజము. అయితే ఆ దీవులలో నివసించినవారు కొబ్బరితోటల కూలీలు. వారి నెవ్వరును అడుగలేదు. అడుగుటకు వారి ప్రతినిధి యే సభలోను లేడు. 1968 కిని 1973 కిని నడుమ వారందఱును ఓడలపై తరలింపబడిరి. పెక్కుమంది పోర్టు లూయీ మురికివాడలలో పడిరి. 2019 లో అంతర్జాతీయ న్యాయస్థానము ఆ వేఱుచేయుట న్యాయసమ్మతము గాదని అభిప్రాయమిచ్చెను. వోటు లేనివాని యిల్లు ఎంత సులభముగా బేరమునకు పోవునో, తోటకూలి కుమారుని చేతిమీదుగానే లోకము చూచెను.

రెండవది ఎన్నికల వాయిదా. 1970 లో త్రియోలే ఉప ఎన్నిక జరిగెను. ప్రధానమంత్రి సొంత నియోజకవర్గములోనే, కొత్తగా పుట్టిన మారిషస్ మిలిటెంటు ఉద్యమపు అభ్యర్థి దేవ్ వీరాసామి గెలిచెను. మరుసటి యేడు రేవులోను, ఇతరత్రను సమ్మెలు సాగెను. 1971 డిసెంబరులో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. ప్రతిపక్ష నాయకులు చెఱసాల పాలయిరి. 1972 లో జరుగవలసిన ఎన్నికలు 1976 వఱకు జరుగలేదు. ఆ నడుమ 1973 లో ఐక్యరాజ్యసమితి ఆయనకు మానవహక్కుల బహుమానము నిచ్చెను. వోటు కొఱకు ముప్పది యేండ్లు వాదించిన మనుష్యుడే, అది తనకు ప్రతికూలము కాగలదని తోచిన దినమున దానిని జనులకు నాలుగేండ్లు ఆలస్యముగా నిచ్చెను. అధికారము వోటుచేతనే వచ్చినను, వచ్చిన పిమ్మట వోటునే అనుమానింప నారంభించుట ఏలువారికి సహజమగు రోగము. వైద్యుడైన ఆయనకును అది సోకెను.

అయితే రోగము ప్రాణాంతకము కాలేదు. 1975 లో వోటు వయసు 21 నుండి 18 కి తగ్గింపబడెను. 1976 డిసెంబరులో ఎన్నికలు జరిగెను. సభలో 70 స్థానములకు గాను ప్రతిపక్షమునకు 34, రాంగులాం పక్షమునకు 28, మూడవ పక్షమునకు 8 వచ్చెను. మూడవ పక్షముతో కలిసి ఆయన ప్రధానమంత్రిగా కొనసాగెను. 1977 నుండి ఉన్నత పాఠశాలలలో జీతము లేని చదువు ఆరంభమయ్యెను. కూలి తన ఆవును అమ్మి, భార్య గాజులను కుదువబెట్టి కొడుకును చదివించు దినములు గతించెను. కూతుళ్లు కూడ పెద్ద బడికి పోసాగిరి. ఆయన చేసిన పనులలో ఎదిరిపక్షమువారు సైతము మెచ్చుకొనునది ఇదియే.

పిదప కష్టకాలము వచ్చెను. చక్కెర ధర పడిపోయెను. పని లేనివారు పెరిగిరి. 1979 లోను, 1981 లోను రూపాయి విలువ తగ్గింపబడెను. 1982 జూన్ 11 వ తేదీన జరిగిన ఎన్నికలలో, ద్వీపమందలి 60 స్థానములలో అరువదింటిని ప్రతిపక్షపు కూటమియే గెలిచెను. రాంగులాం పక్షమునకు ఒక్కటియు రాలేదు. ఎనుబది రెండవ యేట నున్న ప్రధానమంత్రి తన సొంత నియోజకవర్గములోనే ఓడిపోయెను. ఆయనను ఓడించినవారిలో, 1948 లో ఆయనకు వోటు వేయుటకై రాత్రిబడిలో అక్షరములు నేర్చినవారి కుమారులును, మనుమలును ఉండిరి.

ఆ దినమున జరిగినదానికంటె జరుగనిదే ముఖ్యము. సైన్యము వీధులలోనికి రాలేదు. వోటు పెట్టెలు మాయము కాలేదు. ఓడినవారు పదవి విడిచిరి, గెలిచినవారు పదవి గైకొనిరి. కొత్త ప్రధానమంత్రి అనిరుధ్ జగన్నాథ్ కూడ వలసకూలీల సంతతివాడే. ఆ కాలమున కొత్తగా స్వతంత్రమైన దేశములు అనేకములలో ఇట్టి మార్పు తుపాకి లేక జరుగలేదు. మరుసటి సంవత్సరాంతమున, 1983 డిసెంబరులో, రాంగులాం గవర్నరు జనరలుగా నియమితుడయ్యెను. 1985 డిసెంబరు 15 వ తేదీన ఆ పదవిలో నుండగనే మరణించెను.

ఆయన పేర విమానాశ్రయము, ఉద్యానవనము, వైద్యశాల గలవు. ఆయన ముఖము రూపాయి నాణెములపై నున్నది. అయితే ఆయన శాసనసభా జీవితమును తూచుటకు ఆ విగ్రహములు తగిన రాళ్లు కావు. సభకు ఆయన మొదట వచ్చినది గవర్నరు దయవలన; తుదకు వెడలినది జనుల తీర్పువలన. ఈ రెంటి నడుమ దూరమే ఆయన సాధించినది. ఆ దూరములో ఆయన తప్పులును గలవు, చాగోస్ కూలీల కన్నీళ్లును గలవు.

తోటలలో నివసించు కుటుంబములకు ఈ చరిత్రమునుండి గ్రహింపదగిన సంగతి యొకటి గలదు. ఒక గొప్పవాడు పుట్టి తమ్ము ఉద్ధరించునని కనిపెట్టుకొని యుండుట చాలదు. గొప్పవాడు సభలో చట్టము చేయించినను, పట్టికలో పేరు వ్రాయించుకొనువారు లేకున్న ఆ చట్టము కాగితమే. ఆ గొప్పవాడే దారి తప్పినప్పుడు అతనిని దింపగలవారు లేకున్న అతడు మఱియొక యజమానియే. 1948 లో దీపము ముందు కూర్చుండి, పగిలిన వ్రేళ్లతో తన పేరు వ్రాయ నేర్చిన కూలి, ఆ రెండు పనులకును ఒకే పలకపై సిద్ధపడెను.